వెనక సీటు మీద కూర్చుని చూశాకే బండి కొనండి!

మే నెలాఖరు వచ్చేసరికి మా నూజివీడు వైపు ఇళ్ళల్లో రెండు కబుర్లే వినిపిస్తాయి. ఒకటి, ఈ ఏడు చిన్న రసాలు ఎలా దిగాయి అని. రెండోది, తోట డబ్బు చేతికొచ్చాక ఏం కొందాం అని. గుత్తకిచ్చిన వాళ్ళకి ఆఖరి వాయిదా అందేదీ, సొంతంగా కాయ కోసుకున్న వాళ్ళకి నున్న మార్కెట్‌లో లెక్క తేలేదీ అప్పుడే మరి. ఎరువుల కొట్టు బాకీ తీర్చి, పిల్లల ఫీజులు పక్కన పెట్టి, మిగిలిన దాంతో కొనే మొదటి వస్తువు చాలా ఇళ్ళల్లో ఏమిటో తెలుసుగా? మోటార్ సైకిల్!

మీ ఇంట్లోనూ ఆ మాట నడుస్తోందా? అయితే ఈ నాలుగు ముక్కలూ మీ కోసమే.

"బండి సంగతి మగవాళ్ళు చూసుకుంటారులే" అని మనం తప్పుకుంటాం. మిక్సీ కొనాలంటే మాత్రం మూడు కొట్లు తిరుగుతాం. జార్ మూత బిగువుగా ఉందా, చప్పుడెంత చేస్తోంది, పప్పు నలుగుతుందా అని తిప్పి తిప్పి అడుగుతాం. దానికి ఇరవై రెట్లు ఖరీదు చేసే వస్తువుని, మన ప్రాణం మీద పెట్టుకుని కూర్చునే వస్తువుని, రంగు బాగుందని ఒక్క మాటనేసి ఊరుకుంటాం. నేనూ అలాగే ఊరుకున్నాను, ఒక్కసారి కింద పడేదాకా!

చెంగు చెప్పిన పాఠం

మాది నూజివీడు నుంచి పది కిలోమీటర్లు లోపలికున్న ఊరు. తార్రోడ్డు దిగాక తోట దాకా ఎర్రమట్టి బాట. రెండేళ్ళ కిందట మామిడి కోతలప్పుడు, కూలీలకి మజ్జిగ కాన్ తీసుకుని మావారి వెనక పాత బండి మీద ఒక పక్కకి కూర్చుని వెళుతున్నాను. మా ఇద్దరి మధ్యా మా అబ్బాయి. అది ఎప్పుడో సెకండ్‌హాండులో కొన్న బండి. వెనక చక్రానికి అడ్డంగా ఉండే శారీ గార్డు గడగడమంటోందని ఎవరో మెకానిక్కు విప్పి పక్కన పడేస్తే, మళ్ళీ పెట్టించాలని మాకెవరికీ తోచలేదు.

ఇసక పర్రలో బండి కాస్త ఊగింది. ఒక చేత్తో కాన్, ఒక చేత్తో పిల్లాడు. చెంగు జారింది చూసుకోలేదు. చక్రం ఒక్క లాగు లాగింది! నడక వేగంలో ఉన్నాం కాబట్టి సరిపోయింది. మోకాలికి కుట్లతో, ఒక చీరతో, నెల రోజుల మంచంతో బయటపడ్డాను. పిల్లాడికి గీత కూడా పడలేదు, దేవుడి దయ. అదే తార్రోడ్డు మీద అయితే? ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెయ్యి ఆడదు.

అందులో తప్పంతా బండిది కాదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం నడిపేవారు కాక వెనక ఒక్కరే కూర్చోవాలి. మేం ముగ్గురం ఎక్కాం. ఆ ముక్క ఒప్పుకుని తీరాలి. కానీ మంచం మీద ఉన్న నెల రోజుల్లో నాకు ఒకటి అర్థమైంది. మా ఇంట్లో బండి గురించి ఎన్ని మాటలు నడిచినా, వెనక కూర్చునే మనిషి గురించి ఒక్క మాట కూడా ఎవరూ అనలేదు. నాతో సహా! అందుకే కొత్త బండి మాట వచ్చినప్పుడు, "నేనూ వస్తానండీ షోరూముకి" అన్నాను. మావారు ఆశ్చర్యంగా చూసి, "రా, దాన్దేముంది" అన్నారు.

కాస్త వెనక్కి వెళితే...

మా పుట్టింట్లో మొదటి బండి మోపెడ్. 1972లో వచ్చిన లూనా, 1980లో హోసూరు నుంచి వచ్చిన టీవీఎస్ 50, ఈ రెండూ సైకిలు తొక్కే ఇళ్ళకి మోటారు రుచి చూపించాయి. పాల కాన్లు, గడ్డి మోపులు, అరటి గెలలు ఏది కట్టినా లాక్కుపోయేవి. మోటార్ సైకిలంటే అప్పట్లో రాజ్‌దూత్, ఎజ్డీ, బుల్లెట్టు. అవి డబ్బున్న వాళ్ళవో, పెద్ద ఉద్యోగాల వాళ్ళవో.

1985లో హీరో హోండా సీడీ 100 రావటంతో లెక్క మారింది. అప్పటి చిన్న బళ్ళల్లో చాలావాటికి పెట్రోలులో ఆయిలు కలిపి పొయ్యాల్సి వచ్చేది, పొగ కూడా ఎక్కువే. దీనిది ఫోర్ స్ట్రోక్ ఇంజను కాబట్టి ఆ కలపటం లేదు, తాగుడూ తక్కువ. 1994లో స్ప్లెండర్ వచ్చింది. ఊళ్ళో మాస్టారి దగ్గర్నుంచి మామిడి కమీషన్ వ్యాపారి దాకా వంద సీసీ బండి ఇంటి వస్తువైపోయింది. 2010 చివర్లో హీరో, హోండా విడిపోవాలని నిర్ణయించుకున్నాయి. 2011 నుంచి ఆ కంపెనీ పేరు హీరో మోటోకార్ప్ అయింది. హోండా తన పేరు మీదే విడిగా బళ్ళు అమ్ముతోంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ వంద సీసీ బండి పరుగు పందేనికి పుట్టింది కాదు. రోజూ పనికెళ్ళి రావటానికి, తక్కువ పెట్రోలు తాగటానికి పుట్టింది. దాన్ని ఆ పనితోనే తూచాలి.

ముందు మీ దారిని కొలవండి

షోరూముకి వెళ్ళేముందు ఒక వారం రోజులు పాల లెక్కల పుస్తకంలో ఈ బండి లెక్క కూడా రాయండి. ఎవరు, ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు, వెనక ఎవరు, చేతిలో ఏమిటి? మాది రాస్తే ఇలా తేలింది. మావారు పొద్దున్నే తోటకి, అక్కణ్ణించి నూజివీడు, మళ్ళీ సాయంత్రం తోట. అన్నీ కలిపి రోజుకి నలభై కిలోమీటర్ల దాకా. అందులో పావు వంతు మట్టి బాట. వారానికి నాలుగైదుసార్లు వెనక నేనో, అత్తగారో. నెలకి ఒకటి రెండుసార్లు విజయవాడ.

లెక్క రాస్తే తెలిసిన ఇంకో సంగతి, బండి అక్కర్లేని ప్రయాణాలు కూడా ఉన్నాయని. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. మరి నూజివీడు నుంచి విజయవాడకి నలభై అయిదు కిలోమీటర్ల చిల్లర, మామిడి లారీల మధ్య బండి వెనక కూర్చుని వెళ్ళటం ఎందుకు? ముగ్గురం వెళ్ళాల్సిన పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ బస్సే అని తీర్మానించుకున్నాం. బస్సు రాని బాటకే బండి. ఈ ఒక్క తీర్మానంతో పెద్ద ఇంజను బండి కావాలన్న మాట మా ఇంట్లో సగం తగ్గిపోయింది!

"గేర్లు లేని స్కూటరైతే మీకూ వీలుగా ఉంటుంది కదా" అంటారు కొందరు. ఊళ్ళో సిమెంటు రోడ్లు, బజారు పనులు అయితే నిజమే. కాళ్ళ దగ్గర సంచీ పెట్టుకోవచ్చు, చీరతో కూడా నడపవచ్చు. కానీ స్కూటరు చక్రం సాధారణంగా పది, పన్నెండు అంగుళాలది. మోటార్ సైకిలుది పదిహేడు, పద్దెనిమిది. చక్రం పెద్దదైతే గతుకులో దిగబడకుండా దాని మీదుగా దొర్లుతుంది. వానకి కోసుకుపోయిన తోట బాట మీద ఆ తేడా నడుముకి తెలుస్తుంది.

ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదు

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలు. బండికి ఆ లెక్క పనికిరాదు. షోరూము ముందు నున్నటి రోడ్డు మీద ఒక్క చుట్టు తిప్పి "బ్రహ్మాండం" అనేస్తే, ఆ తరవాత పదేళ్ళు అనుభవించేది మనమే.

మేం చూసినవన్నీ వంద సీసీ చుట్టుపక్కల బళ్ళే. స్ప్లెండర్ ప్లస్, హెచ్‌ఎఫ్ డీలక్స్ రెండూ 97.2 సీసీ. బజాజ్ ప్లాటినా 100 అనేది 102 సీసీ. 2023లో వచ్చిన హోండా షైన్ 100 దాదాపు 99 సీసీ. కాగితం మీద అన్నీ అక్కచెల్లెళ్ళలాగే ఉంటాయి. ఎక్కి చూస్తే మాత్రం ఒక్కొక్కదానిదీ ఒక్కో తత్వం.

మొదట బరువు చూడండి. షైన్ 100 సుమారు 99 కిలోలు, స్ప్లెండర్ 112, ప్లాటినా 117. పద్దెనిమిది కిలోల తేడా అంటే మామిడికాయల ట్రే ఒకటి! బండి పరుగెడుతుంటే ఈ బరువు తెలియదు. ఇంటి ముందు మెట్టు ఎక్కించేటప్పుడు, సెంటర్ స్టాండు వేసేటప్పుడు, పక్కకి ఒరిగితే నిలబెట్టేటప్పుడు తెలుస్తుంది. అలాగని తేలికదే మంచిదని కాదు. ప్లాటినా టాంకు 11 లీటర్లు పడుతుంది, షైన్‌ది 9. బంకు దూరమైన ఊళ్ళకి అదీ ఒక వసతే.

రెండోది సీటు ఎత్తు. స్ప్లెండర్, షైన్ రెండూ 785 మిల్లీమీటర్ల దగ్గర్లో ఉంటాయి. హెచ్‌ఎఫ్ డీలక్స్, ప్లాటినా 805 దగ్గర్లో. రెండు సెంటీమీటర్ల తేడా ఏం లెక్క అనుకోకండి. అయిదడుగుల మనిషికి మడమ నేలకి ఆనటం, మునివేళ్ళ మీద నిలబడటం, ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా అదే. ఇంట్లో ఎవరెవరు నడుపుతారో వాళ్ళందరూ ఎక్కి, రెండు పాదాలూ ఆనించి చూడాలి.

మూడోది బ్రేకు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా ఉన్న కొత్త బళ్ళకి కలిపి పట్టే బ్రేకు వచ్చింది. కాలి బ్రేకు తొక్కితే వెనక చక్రంతో పాటు ముందు చక్రం కూడా కొంత పట్టుకుంటుంది. వెనకది ఒక్కటే తొక్కి ఎర్రమట్టి మీద జారే మన అలవాటుకి ఇది మంచి మందు. సెకండ్‌హాండు బండి కొనేవాళ్ళు ఆ బండి ఏ సంవత్సరానిదో చూసుకోవటానికి ఇదొక కారణం.

అసలు పరీక్ష వెనక సీటుదే

షోరూములో కుర్రాడు "సార్, మైలేజీ సార్, పికప్పు సార్" అంటూ మావారితోనే మాట్లాడుతున్నాడు. నాకు కూల్ డ్రింకు ఇచ్చి కుర్చీ చూపించాడు. "బాబూ, నేను వెనక కూర్చుని చూడాలి, ఒకసారి మట్టిరోడ్డు దాకా వెళ్ళొస్తాం" అన్నాను. ఆ అబ్బాయి మొదట నవ్వాడు గానీ, తరవాత హెల్మెట్లు తెచ్చి తాళం ఇచ్చాడు.

వెనక కూర్చునే వాళ్ళ కోసం మన చట్టంలో ఒక నియమం ఉందని చాలామందికి తెలియదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 123వ నియమం. దాని ప్రకారం వెనక మనిషి కూర్చునే వీలున్న ప్రతి మోటార్ సైకిలుకీ మూడు ఉండి తీరాలి. పట్టుకోవటానికి గట్టి కమ్మీ, కాళ్ళు పెట్టుకోవటానికి ఫుట్‌రెస్టు, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రంలో కనీసం సగం కప్పే అడ్డు. చూశారా? శారీ గార్డంటే అందానికి పెట్టే నగ కాదు, అది చట్టం చెప్పిన వస్తువు. గడగడమంటే బోల్టు బిగించాలి గానీ విప్పి అవతల పారెయ్యకూడదు. నాకు ఆ ముక్క రెండేళ్ళ ముందు తెలిసుంటే!

అంచేత కూర్చుని ఇవి చూడండి. కమ్మీ చేతికి నిండుగా అందుతోందా, గాజులకి తగులుతోందా? కాలు పెట్టుకునే చోటుకీ సైలెన్సరుకీ ఎంత ఎడముంది? నడిపేవారు కూర్చున్నాక మనకి సీటు జానెడన్నా మిగిలిందా, జారుతున్నామా? గతుకులో పడితే నడుముకి తగిలిందా? ఈ చివరిది షోరూము ముందు తెలియదు, అందుకే మట్టిరోడ్డు. మేం చూసిన వాటిలో ఒకటి చూడ్డానికి ముచ్చటగా ఉంది గానీ, వెనక సీటు ముందుకి వాలి ఉంది. బ్రేకు వేసినప్పుడల్లా నేను మావారి వీపు మీదికే! అది వద్దన్నాను.

ఇంకొక మాట. ఒక పక్కకి కూర్చుంటే బరువంతా ఒకవైపే పడుతుంది, పట్టూ తక్కువే. వీలైనప్పుడల్లా పంజాబీ డ్రెస్సు వేసుకుని రెండు పక్కలా కాళ్ళు వేసి కూర్చోవటమే క్షేమం. చున్నీ మెడకి చుట్టి వెనక్కి వదలొద్దు, నడుముకి కట్టుకోండి. చీరే కట్టుకోవాల్సి వస్తే చెంగు దోపుకుని, కమ్మీ పట్టుకున్నాకే "పోనివ్వండి" అనండి.

మైలేజీ గురించి నిజం లెక్క

ప్రకటనలో మైలేజీ అంకె పెద్దక్షరాల్లో ఉంటుంది. అది పరీక్షలో వచ్చింది, మన బాట మీద వచ్చింది కాదు. మన లెక్క మనమే కట్టుకోవచ్చు. టాంకు నిండా పోయించి కిలోమీటర్ల అంకె రాసుకోండి. వారం పది రోజులు వాడాక మళ్ళీ నిండా పోయించండి. తిరిగిన కిలోమీటర్లని రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే మీ మైలేజీ వచ్చేస్తుంది.

ఇప్పుడు డబ్బు లెక్క చూద్దాం. రోజుకి 40 కిలోమీటర్లు, నెలకి 26 రోజులు, మొత్తం 1,040 కిలోమీటర్లు. పెట్రోలు లీటరు 110 రూపాయలు అనుకుందాం. మైలేజీ 70 వస్తే నెలకి 1,634 రూపాయలు. 60 వస్తే 1,907. 50 వస్తే 2,288. అంటే 70కీ 60కీ తేడా 273 రూపాయలు, 60కీ 50కీ తేడా 381. కొనేటప్పుడు 65 ఇచ్చే బండా, 70 ఇచ్చే బండా అని కొట్టుకుంటాం. కొన్నాక గాలి తక్కువ టైర్లతో, లూజు చెయిన్‌తో, దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టరుతో దాన్ని మనమే 50కి దించుకుంటాం! మా బండి మామూలు నెలల్లో 60 దాటింది. మామిడి కోతల్లో, బరువులతో, ఫస్టు సెకండు గేర్ల బాట మీద 52కి దిగింది. కోతలయ్యాక ఫిల్టరు శుభ్రం చేయించి, చెయిన్ బిగించి, గాలి సరిచూస్తే మళ్ళీ పైకొచ్చింది.

గాలి గురించి ఒక్క ముక్క. వెనక టైరుకి ఒక్కరున్నప్పుడు ఒక లెక్క, ఇద్దరున్నప్పుడు ఇంకా ఎక్కువ. ఆ అంకెలు బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటాయి. ఆ పుస్తకాన్ని పెట్టెలో దాచకండి, పంచాంగం పక్కన వేలాడదియ్యండి.

మామిడి ట్రేలు, మనుషులు

వంద సీసీ బళ్ళు మొయ్యవలసిన మొత్తం బరువు సాధారణంగా 130 కిలోల దగ్గర్లో ఉంటుంది. మనుషులూ సామానూ అన్నీ కలిపి! మావారు 68, నేను 56. అక్కడికే 124 అయిపోయింది. ఇంక మజ్జిగ కాన్ కూడా లెక్కకి మించినట్టే. కోతల కాలంలో మా వైపు ఒక్కో బండికి రెండు పక్కలా ట్రేలు కట్టుకుని, పైన ఒక మనిషి కూర్చుని పోవటం రోజూ చూస్తాం. అలా లాగితే ముందు చక్రం తేలికైపోయి మలుపులో తిరగనంటుంది, బ్రేకు ఆలస్యంగా పట్టుకుంటుంది, షాకబ్జర్లు, చెయిన్ సాకెట్ ఏడాదికే పోతాయి.

మీ ఇంట్లో పని మనుషులకన్నా సామానుకే ఎక్కువైతే, టీవీఎస్ ఎక్స్‌ఎల్ 100 లాంటి బండి చూడటం నయం. ముందు పక్క కాళ్ళ దగ్గర చదునుగా చోటుంటుంది, గేర్లు లేవు, బరువూ తక్కువే. టాంకు నాలుగు లీటర్లే, దూరాలకి మాత్రం విసుగు. మనుషుల ప్రయాణమే ఎక్కువైతే మోటార్ సైకిలు. కాయల్ని ఆటో ట్రక్కుకి వదిలెయ్యండి. రెండు పనులూ ఒక్క బండితో అంటే రెండూ చెడతాయి.

ధర అంటే ఏ ధర?

2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా ఉన్న బళ్ళకి జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్నుతో 128 రూపాయలయ్యేది 118 అయిందన్న మాట. సంతోషమే. కానీ గోడ మీద రాసేది ఎక్స్‌షోరూమ్ ధర. దాని మీద లైఫ్ టాక్సు, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు కలిస్తేనే ఆన్‌రోడ్ ధర. ప్రతి పద్దూ విడివిడిగా కాగితం మీద రాసిమ్మనండి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండికి అయిదేళ్ళ థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి. అది మన బండి వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికే. మన బండి పోయినా, విరిగినా పనికి రావాలంటే విడిగా కట్టాలి. బండితో పాటు ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ ఒకటి ఇవ్వాలని నియమం ఉంది, అడిగి తీసుకోండి. రెండోది మనం కొనుక్కోవాలి. వెనక కూర్చున్న తల కూడా తలే కదూ!

వాయిదాల మీద తీసుకుంటే వడ్డీ "ఫ్లాటా, తగ్గే బాకీ మీదా?" అని అడగండి. అరవై వేలు మూడేళ్ళకి 12 శాతం ఫ్లాట్ అంటే వడ్డీ 21,600. అదే 12 శాతం తగ్గే బాకీ మీద అయితే పదకొండు వేల ఏడొందల చిల్లర. అంకె ఒకటే, తేడా దాదాపు పదివేలు! ఇంకో సంగతి, వాయిదా నెలనెలా వస్తుంది, తోట డబ్బు ఏడాదికి ఒక్కసారే వస్తుంది. పూతప్పుడు మంచు పట్టి కాపు తప్పిన ఏడు ఆ వాయిదా ఎక్కణ్ణించి కడతాం? అందుకే మేం సగానికి పైగా రొక్కం కట్టి, మిగతాదానికే అప్పు తీసుకున్నాం. ఆరు నెలల వాయిదాల డబ్బు విడిగా పోస్టాఫీసులో వేశాం.

షోరూముకి వెళ్ళేటప్పుడు

* నడిపేవాళ్ళూ, వెనక కూర్చునేవాళ్ళూ అందరూ వెళ్ళండి. రోజూ వేసుకునే బట్టలే వేసుకోండి.
* ఇంట్లో నడిపే ప్రతి ఒక్కరూ సెంటర్ స్టాండు వేసి, తీసి చూడండి.
* శారీ గార్డు, కమ్మీ, వెనక ఫుట్‌రెస్టులు చేత్తో కదిపి చూడండి.
* సెల్ఫుతో పాటు కిక్కు ఉందో లేదో అడగండి.
* మీ ఊరికి దగ్గర్లో సర్వీసు, విడిభాగాలు ఉన్నాయా? కొత్త బళ్ళల్లో చాలావాటికి 2020 తరవాత కార్బురేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. చెట్టు కింద మెకానిక్కు అన్నీ చెయ్యలేడు.
* సెకండ్‌హాండు అయితే ఆర్‌సీ, ఇన్సూరెన్సు, అప్పు తీరిన కాగితం చూడనిదే డబ్బు ఇవ్వొద్దు.

ఇంతకీ ఏ బండి కొన్నాం?

పేరు చెప్పను. చెబితే నాకేదో కమీషన్ ఉందనుకుంటారు! పైగా మా బాట మీ బాట కాదు, మా ఎత్తు మీ ఎత్తు కాదు. నేను పైన చెప్పిన కొలతలన్నీ పెట్టి చూస్తే మాకు ఒకటి కుదిరింది, మీకు ఇంకొకటి కుదరవచ్చు.

బండి వచ్చిన నెలకి నేను లెర్నింగ్ లైసెన్సు తీసుకున్నాను. గేర్ల బండికి పద్దెనిమిదేళ్ళు నిండితే చాలు, ముప్ఫయి దాటకూడదని ఎక్కడా లేదు! మావారు పొద్దున్నే చెట్ల మధ్య సాళ్ళల్లో నేర్పించారు. క్లచ్చి వదలటం రాక మొదటి వారం బండి కప్పలా గెంతేది. రెండో వారానికి తోట చుట్టూ తిరిగాను. ముప్ఫయి రోజులు నిండాక పరీక్షకి వెళితే, అక్కడ గేర్ల బండి మీద వచ్చిన ఆడమనిషిని నేనొక్కత్తినే.

మా అత్తగారికి డెబ్భై దగ్గర పడుతున్నాయి. "ఆడది బండి తోలటం ఏమిటే" అని సణిగిన మనిషి. మొన్న శ్రావణంలో కళ్ళు మసకగా ఉన్నాయని నూజివీడు ఆస్పత్రికి వెళ్ళాల్సి వచ్చింది. మావారు ఊళ్ళో లేరు, బస్సు వెళ్ళిపోయింది. ఏమీ మాట్లాడకుండా హెల్మెట్ పెట్టుకుని వచ్చి బండి పక్కన నిలబడ్డారు. చెంగు దోపుకున్నారు, ఫుట్‌రెస్టు మీద కాలు పెట్టారు, సర్దుకుని కూర్చున్నారు.

"ఏమే, పట్టుకునే కమ్మీ ఇదేనా? బాగానే ఉంది గట్టిగా. పోనీ మరి!" అన్నారు.

నాకైతే ఆ రోజే బండి పరీక్ష పాసయింది.